తొలి కాఫీ – తొలి ‘నాది’



తెల్లవారుజామున మన మల్కాపురం వీథులలో నడచినచో రెండు ధ్వనులు వినవచ్చును. ఒకటి ఆలయములోని సుప్రభాతము, రెండవది ఇండ్లలోని కాఫీ గ్లాసుల చప్పుడు. 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రమును, 1957లో పని ఆరంభించిన చమురు శుద్ధి కర్మాగారమును, ఓడరేవును నమ్ముకొని బ్రతుకు కుటుంబములు మనవి. ఒకరు డ్యూటీకి బయలుదేరు వేళకు మరియొకరు డ్యూటీ దిగి ఇల్లు చేరుదురు. కావున ప్రాతఃకాలపు మాంద్యమును గూర్చి చెప్పుకొనునపుడు ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను.

తమోగుణము జీవుని మూడు త్రాళ్లతో కట్టివేయునని గీతలో 14వ అధ్యాయము, 8వ శ్లోకమున భగవానుడు తెలిపెను. అవి ప్రమాదము, ఆలస్యము, నిద్ర. ప్రమాదమనగా ఇచట ఏమరుపాటు, ఆలస్యమనగా సోమరితనము. అయితే రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాని నిద్ర తమస్సు కాదు. అది శరీరమునకు తీర్చవలసిన బాకీ. తగిన ఆహారముతోపాటు తగిన నిద్రయు, తగిన మెలకువయు యోగమునకు అవసరమని 6వ అధ్యాయము, 17వ శ్లోకమున చెప్పిన వాడును ఆ స్వామియే. అలసి నిద్రించు వానిని సోమరి యని నిందింపరాదు.

మరి కాఫీ చేయు పని యేమి? మనము మేల్కొని ఉన్నకొలది మెదడులో అడినోసిన్ అను పదార్థము పేరుకొని మగతను కలిగించును. కాఫీలోని కెఫీన్ దాని స్థానములను తాను ఆక్రమించి, దాని పని సాగనీయదు. తలుపు తట్టువాడు వాకిటనే ఉన్నాడు; మనకు చప్పుడు వినబడకున్నది, అంతియే. అలసట మరుగుపడినది గాని తీరలేదు. ఆ కెఫీన్ దేహములో సగమునకు తగ్గుటకే సుమారు 5 గంటలు పట్టును. సాయంకాలపు కాఫీ రాత్రి నిద్రను చెరచుటకు, మరునాటి ఉదయపు బద్ధకమునకు ఇదియే కారణము.

కాఫీ దేహమును లేపును. మనస్సును లేపవలసినది మనమే. ఈ సత్యము మాకు ఆలస్యముగా తెలిసినది.

మా ఇంట నీలిగీతల పింగాణి కప్పు ఒకటి ఉండెడిది. అందులో పోసిననే గాని మాకు కాఫీ రుచించెడిది కాదు. ఒకనాటి ఉదయమున కోడలి చేతినుండి జారి అది పగిలినది. ఒక ప్రక్క సుప్రభాతము వినబడుచున్నది. మరియొక ప్రక్క మేము ఆమెను కసరుచున్నాము! ఆమె బదులు పలుకక, స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి మా ముందుంచినది. త్రాగితిమి. రుచిలో ఏ తేడాయు లేదు. తలయెత్తి చూడగా ఆమె కన్నులు చెమ్మగిలి ఉన్నవి. ఎందరికో నిర్మమత్వమును బోధించిన మేము ఒక కప్పు వద్ద ఓడిపోతిమి. “తప్పు మాదే తల్లీ” అంటిమి. “పోనీలెండి మామయ్యగారూ, మీ చేతికి అలవాటైన కప్పు కదా” అన్నది. ఆనాడు మాకు ప్రవచనము చెప్పినది ఆమెయే.

తెల్లవారగనే మనలో పుట్టు మొదటి ‘నాది’ ఎంత చిన్నదో చూడుడు! ఇష్టమైన కప్పు ఉండుట దోషము కాదు. అది లేనిచో ఇంటివారిపై విరుచుకుపడుట దోషము.

కావున మూడు నియమములు పాటింతము. లేవగనే అరచేతులు చూచుకొని భగవంతుని స్మరింతము. తొలి గుటకకు ముందు, ఏది భుజించినను తనకర్పింపుమన్న స్వామిమాట తలచి, మనస్సులో కృష్ణార్పణము చేయుదము. మన అరకు కొండల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి తోటలలో పండ్లను చేతులతో కోయు గిరిజనులను, పొయ్యి ముందు నిలిచిన ఇల్లాలిని ఆ క్షణమున తలచుకొందము. ఇక మూడవది, మగత వీడువరకు ఎవరిపైనను పరుషవాక్యము పలుకకుందము.

కప్పు ఏదైనను కావచ్చును. త్రాగు మనస్సు ప్రసన్నముగా ఉండవలెను. సింహగిరి వరాహ లక్ష్మీనృసింహస్వామి మనకట్టి మేలుకొలుపును అనుగ్రహించుగాక!

స్వస్తి.