తవాంగులో ధాన్యకటకము

అరుణాచల ప్రదేశమున, టిబెట్టు భూటానుల సరిహద్దునందు, తవాంగు సీమ గలదు. అచటికిఁ బోవు దారిలో సేలా కనుమ 13,700 అడుగుల యెత్తున నున్నది. 2024లో సొరంగము తెఱచినందున ప్రయాణము సుకరమైనది. నేను మాత్రము పాతదారినే పోయితిని. పాదముల క్రింద మబ్బులను, గడ్డకట్టిన సరస్సును జూచి ముదిమిని మఱచితిని.

తవాంగు మఠమును 1680-81లో మేరాగ్ లామా స్థాపించెను. వెన్నదీపముల వెలుఁగున మేడయెత్తు బుద్ధమూర్తిని జూచుచుండఁగా నొక వృద్ధభిక్షువు హిందీలో "తమ దే యూరు?" అని యడిగెను. "అమరావతి చేరువ" నంటిని. "ధాన్యకటకము నుండి వచ్చితిరా!" యని యాయన చేతులు జోడించెను.

కారణము వినుఁడు. ఈ మఠము పూర్వము లాసా చెంతనున్న డ్రేపుంగు విహారమునకు లోఁబడినది. 1416లో వెలసిన యా విహారము పేరునకు ధాన్యరాశి యని యర్థము. అది మన ధాన్యకటకమునకు టిబెట్టు రూపమే. బుద్ధుఁడు కాలచక్రతంత్రము నుపదేశించిన చోటు ధాన్యకటకమని వారి విశ్వాసము.

ధాన్యకటకమే నేఁటి ధరణికోట. బడిపంతులనై యా దారిని బలుమాఱు నడచితిని. ఒక్కనాఁడును నిలిచి చూడనైతిని. ఆ భిక్షువు చూడని యూరికి మ్రొక్కెను. నాకు సిగ్గు కలిగినది.

తవాంగు తప్పక చూడుఁడు. అంతకు ముందొకమాఱు ధరణికోటకుఁ బోయి రండు.