చొక్కా గుండీలు, 10 సెకన్ల టెస్ట్: చేతి నేర్పుని కొలవడం ఎలా?



మీ నాన్నగారు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఈమధ్య ఎక్కువ టైమ్ తీసుకుంటున్నారా? ఫోన్‌లో పిన్ కొట్టేటప్పుడు వేళ్లు తడబడుతున్నాయా? "వయసైపోయింది కదా", "షుగర్ వల్లేలే" అని మనం వదిలేస్తాం. కానీ అసలు సమస్య మెడలో ఉండొచ్చు.

మెడ దగ్గర డిస్కులు అరిగి, ఎముక పెరిగి, లోపలున్న వెన్నుపాము నొక్కుకుపోతుంది. దీన్నే సర్వైకల్ మైలోపతి అంటారు. కొంతమందికి మెడనొప్పి కూడా ఉండదు. వేళ్లు మొద్దుబారడం, నడకలో తూలడం, అంతే. అందుకే లేటుగా బయటపడుతుంది.

అమీర్‌పేట్‌లో టెస్టింగ్ కోర్సు చేసినవాళ్లకి ఒకటి బాగా తెలుసు. "యాప్ స్లోగా ఉంది" అంటే ఎవడూ పట్టించుకోడు, ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. మెట్రోలో తర్వాతి స్టాప్ పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ఉంది, ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్. అలాంటి చోట ఓపీలో "చేతులు ఎలా ఉన్నాయి?" అని డాక్టర్ అడిగితే మనవాళ్లు "పర్లేదు సార్" అంటారు. అది డేటా ఎలా అవుతుంది చెప్పండి?

డాక్టర్లు వాడే స్కోరు ఒకటుంది, జేఓఏ. జపాన్‌లో పుట్టింది కాబట్టి అందులో చాప్‌స్టిక్స్‌తో తినగలరా అని చూస్తారు. తర్వాత మార్చిన వెర్షన్‌లో స్పూను, చొక్కా గుండీలు వచ్చాయి. మొత్తం 18 పాయింట్లలో చేతి కదలికకి 5. మరి చేత్తో ముద్ద కలుపుకుని తినే తాతయ్యకి, చీర కట్టుకునే అమ్మమ్మకి? పైగా "కొంచెం కష్టం", "చాలా కష్టం" మధ్య గీత ఎక్కడ గీస్తాం?

అందుకే సెకన్లు లెక్కపెట్టే టెస్టులు వచ్చాయి. ఒకటి, 10 సెకన్ల టెస్ట్. అరచేయి కిందికి పెట్టి, పిడికిలి పూర్తిగా మూసి, పూర్తిగా తెరవాలి, వీలైనంత వేగంగా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మామూలుగా 20 సార్లు, అంతకన్నా ఎక్కువే చేస్తారు. రెండోది, తొమ్మిది పుల్లల టెస్ట్. 9 రంధ్రాల్లో 9 పుల్లలు పెట్టి, మళ్లీ తీయాలి. కుర్రాళ్లకి 20 సెకన్లకి అటూఇటూ పడుతుంది.

ఇప్పుడు ఫోన్ కెమెరా, సెన్సర్లతో కూడా వేళ్ల కదలికని కొలుస్తున్నారు. కానీ జాగ్రత్త! రెండోసారి చేస్తే అలవాటు వల్లే నంబర్ పెరుగుతుంది. కీళ్లవాతం ఉన్నా, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా తగ్గుతుంది. ఒక్క రీడింగ్ చూసి జబ్బు ఉందనీ, లేదనీ తేల్చకండి. రెండు చేతులూ విడివిడిగా, కొన్ని వారాల పాటు చూడండి. నంబర్ పడిపోతుంటే ఆ లెక్క పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తేల్చేది పరీక్ష, ఎంఆర్ఐ. నడక కూడా తూలుతుంటే మాత్రం వారాలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

ఎందుకింత తొందర అంటే, ఆపరేషన్ ముఖ్యంగా జబ్బు ముదరకుండా ఆపడానికి. ఆలస్యమైతే పోయిన నేర్పు మొత్తం తిరిగి రాకపోవచ్చు.

ఈ ఆదివారం ఇంట్లో ఒక్క 10 సెకన్లు కేటాయించండి. వీడియోని ఫ్యామిలీ గ్రూప్‌లో షేర్ చేయండి.