సైకిలు యాత్రయు విద్యాదానమును

సైకిలుపై దూరప్రయాణము చేసి, ఆ ప్రయాణము పేర పదిమంది యొద్ద ధనము కూర్చి, పేదబిడ్డల చదువునకిచ్చు ఆచారమొకటి నేడు పెక్కు దేశములందు వ్యాపించియున్నది. ఇది విన్న మన గ్రామపెద్దలు కొందఱు, "ఒకడు చెమటోడ్చి తొక్కినంతమాత్రమున వేఱొకనికి చదువెట్లు వచ్చును? ఇయ్యదలచినవాడు ఇంటనుండియే ఇయ్యరాదా?" అని యడుగుదురు. ప్రశ్న సమంజసమైనదే. దానికి నాకు తోచిన సమాధానమును విన్నవించెదను.

విద్యకొఱకు యాచించుట మనకు క్రొత్త గాదు. వారములు చేసికొని చదువుకొనుట మీరెఱిగినదే. సోమవారమొకరింట, మంగళవారము వేఱొకరింట భుజించి బీదవిద్యార్థి తన శాస్త్రమును ముగించెడివాడు. నాకు కౌముది చెప్పిన గురువుగారట్లు చదివినవారే. ఏడిండ్లవారు కలిసి యొక పండితుని తయారు చేసిరి; ఒక్కొక్క యింటికి పడిన భారము వారమున కొకనాటి విస్తరి మాత్రమే. ఆ యేర్పాటునందలి కొఱతయు చెప్పక తప్పదు. ఆ విస్తరి కొన్ని కులముల పిల్లలకే పడినది. పాలేరు బిడ్డకు గాని, నల్లమలలోని చెంచుబిడ్డకు గాని ఏ యింటను వారము దొరకలేదు.

సైకిలు యాత్రికుడు చేయునది ఆ వారముల పద్ధతియే. ఐతే ఇచట విద్యార్థి చేయి చాపనక్కఱలేదు. వానికి మాఱుగా వేఱొకడు కష్టపడి యడుగును. 1991లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన భారతీయ విద్యార్థులు "ఆశా ఫర్ ఎడ్యుకేషన్" అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థవారు అచ్చటి మనవారికి నెలలతరబడి సైకిలు సాధన చేయించి, నూఱు మైళ్ల యాత్రకు సిద్ధపఱచుదురు. సాధకుడు తన బంధుమిత్రుల నడిగి విరాళములు కూర్చును. నూఱు మైళ్లనగా 160 కిలోమీటర్లు. నంద్యాలనుండి ఆత్మకూరు, దోర్నాలల మీదుగా మా సున్నిపెంటకు ఇంచుమించు అంత దూరము. ఊరక యడిగినచో ఆ మాట ఆ పూటతో పోవును. ప్రతి వేకువను సైకిలు తొక్కువాడు కనబడినప్పుడెల్ల ఇరుగుపొరుగువారు కారణమడుగుదురు. ఆ బిడ్డల ప్రస్తావన వచ్చును.

దూరమనునది చదువునకెంత శత్రువో సైకిలు తొక్కువాని మోకాళ్లకు తెలియును. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చు పథకము పెట్టినది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి, తగిన వయస్సున ఉన్నతపాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగినదని తేల్చిరి. ఆ పెరుగుదలలో అధికభాగము, పాఠశాల మూడు కిలోమీటర్లకు మించిన దూరమున నున్న పల్లెలలోనిదే. మన రాష్ట్రమునను "బడికొస్తా" యను పేర ప్రభుత్వపాఠశాలల బాలికలకు సైకిళ్లిచ్చియుండిరి. ఆ బాలికలను ఇంతకాలము ఆపినది దారియే గాని తెలివితక్కువ గాదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక మా ప్రాంతము మాట. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ప్రాజెక్టు పనివారికై వెలసిన ఊరు సున్నిపెంట. చెంచుల అభివృద్ధికై యేర్పడిన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయమును ఇచటనే యున్నది. 2010 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకు ఉచితవిద్యను విధించినది. ఒక కిలోమీటరులో ప్రాథమిక పాఠశాల, మూడింటిలో ప్రాథమికోన్నత పాఠశాల ఉండవలెనని నియమము. పదునాలుగేండ్లు నిండినచో చట్టము ఆగును. దారి మాత్రము అచ్చటనే పొడవగును. తొమ్మిదవ తరగతి హాజరుపట్టీలో పేర్లపై గీతలు గీచినప్పుడెల్ల నాకీ సంగతి స్ఫురించెడిది. ఆ గీతక్రింద పడినవారిలో చురుకైన పిల్లలు తక్కువవారు గారు.

అన్ని చోట్ల సైకిలే మందని నేననను. పులులు తిరుగు అడవిలో, ఘాటుదారిలో బాలికకు సైకిలిచ్చి బడికి పొమ్మనుట తగదు. ఆమెకు వసతిగృహమున చోటు, పెట్టె, దుప్పటి, పండుగకు గూడెమునకు పోయివచ్చుటకు బస్సు ఖర్చు కావలెను. మైదానమందలి పల్లెలో సైకిలు చాలును. ఏ బిడ్డకేది కావలెనో దూరమునుండి వచ్చు యాత్రికునికి తెలియదు, మీకు తెలియును.

కావున పెద్దలకు నా మనవి యిది. యాత్రికులు మీ యూరికి వచ్చినప్పుడు మజ్జిగ యిచ్చి, రాత్రికి బస చూపుడు. పిదప సంకోచింపక లెక్క యడుగుడు. ప్రయాణపు ఖర్చెంత, బిడ్డలకు చేరునదెంత, ఎవరిచేత వ్యయమగును అని తెలిసికొనుడు. గడచిన యేడు బడి మానిన పిల్లల పేర్లు వ్రాసి వారి చేతికిండు. ఈ యేటి సాయము వచ్చు నేటికిని నిలుచునా యనియు అడుగుడు. యాత్ర కొలదిదినములలో ముగియును. బిడ్డ చదువు ఏండ్లతరబడి సాగవలెను.

యాత్రికులు రానంతమాత్రమున ఊరకుండవలసిన పనిలేదు. ప్రతి గ్రామమున ఏడు కుటుంబములు కలిసి, బడి మానిన యొక్క బిడ్డను తిరిగి చేర్చి, ఖర్చును పంచుకొనవచ్చును. పూర్వము మన పెద్దలు ఏడిండ్ల యన్నముతో ఒక విద్యార్థిని నిలిపిరి. ఆనాడు ఆ పంక్తిలో చోటులేని బిడ్డలకు నేడు మనము చోటీయవలెను. ఈ వేసవి సెలవులు ముగియులోపల మీ యూరి హాజరుపట్టీ నొకమాఱు విప్పించి చూడుడు.