'బాంచెన్'లో ఇరుక్కున్న 'నేను'

(గోదావరిఖని వాడ సభలో ఒక టీచర్ చేసిన ప్రసంగం)



మొన్న తొమ్మిదో తరగతి పిల్లగాడొకడు "అబ్సీక్వియస్ అంటే ఏంది సార్?" అని అడిగిండు. "అతిగా వంగి వంగి దండాలు పెట్టేటోడు" అని చెప్పిన. "అంటే మా తాత లెక్కనా సార్?" అన్నడు. నాకు నోట మాట రాలేదు. అందుకే ఇయ్యాల ఆ మాట గురించే మాట్లాడుత.

అది లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని వేరుకు అర్థం 'వెంట నడవడం'. 'సీక్వెన్స్' మాటదీ అదే వేరు. మొదట్లో అది మెచ్చుకోలు మాటే. చెప్పినట్టు వినే మంచి సేవకుడని అర్థం. 1600 ప్రాంతానికి తిట్టుగా మారింది. వంగినోణ్ని మెచ్చుకున్న భాషే వంగినోణ్ని వెక్కిరించింది. వంచినోడు మాత్రం ఆ మాటలో ఎక్కడా కనపడడు.

మన దగ్గర 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' ఉండె. బాంచ అంటే దాసి. చివర ఉన్న 'న్' అంటే నేను. 'నేను నీ దాసిని' అని మొగోడు సైతం అనాల్సి వచ్చింది. మన 'నేను' ఒక్క పొల్లక్షరమై గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డది. అది మన గుణమా? భూమి దొరది, వెట్టి మనది. అనకపోతే దెబ్బలు. దాన్ని వినయమూ అనలేం, అతివినయమూ అనలేం.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. అయినా 1978లో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల కూలీలు లేచి 'చెయ్యం పో' అన్నంకనే దొరల గడీలు కదిలినయి.

నా ముచ్చట ఒకటి చెప్త. నాయన బాయిల కోల్ ఫిల్లర్. నేను డిగ్రీ చదివేటప్పుడు క్వార్టర్ కోసం దరఖాస్తు రాయమన్నడు. 'తమ పాదపద్మములకు నమస్కరించి' అని మొదలుపెట్టిన. సంతకం రాని నాయన చదివించుకుని విన్నడు. "కాళ్లు మొక్కుడు ఊర్లె ఇడిసిపెట్టి బాయికొచ్చిన బిడ్డా. చదువుకున్న నువ్వు మళ్ల మొక్కుతవా? కొట్టెయ్" అన్నడు. డిగ్రీ నాది, తెలివి ఆయనది.

రేపటి పని పోతదని కాంట్రాక్టరు ముందు తలవంచే కూలీని మనం తిట్టొద్దు. ఆయన్ని ఆకలి వంచింది. ఆయన పక్కన పదిమందిమి నిలబడాలె. టికెట్ కోసం, కుర్చీ కోసం కాళ్ల మీద పడే మన నాయకులకే ఆ ఇంగ్లీషు మాట సరిగ్గా అతుకుతది.

పెద్దలకు దండం పెట్టుడు మానొద్దు. కాని దండానికి దండం తిరిగి రావాలె. దరఖాస్తుల 'దయతో' కొట్టేసి 'హక్కు ప్రకారం' అని రాయండి.

ఆ పిల్లగానికి జవాబు బాకీ ఉన్న. మీ తాత వంగలేదు బిడ్డా, వంచిండ్రు. నువ్వు నిటారుగా నిలబడు.

జై భీమ్.