పుర్రెగుర్తు పురుగు

వానకాలపు రాత్రి దీపపు వెలుగునకు ఒక్కొక్కప్పుడు ఒక పెద్ద రెక్కలపురుగు ఇంటిలోనికి వచ్చును. రెక్కలు విప్పినచో సుమారు 4 అంగుళములు. వీపుపై పుర్రెను పోలిన లేతరంగు గుర్తు. తాకినచో కీచుమని అరచును. నల్లగొండ ప్రాంతమున మేము బసచేసిన ఇంట ఇట్టిది గోడపై వాలగా, ఆ ఇంటి అవ్వ మనుమని కొంగున దాచుకొని, "సావు కబురు తెచ్చింది, కొట్టు బిడ్డా!" అని కొడుకును కేకవేసినది.

మరునాడు ఆ అవ్వయే నువ్వుల చెల్కలో, తోకవద్ద వంకర కొమ్ముగల వ్రేలెడు లావు పచ్చపురుగును జంకులేక ఏరి మాకు చూపినది. రాత్రి వచ్చినది దీని రెక్కల రూపమేయని చెప్పగా ఆమె నవ్వి, నమ్మలేదు.

కాని నిజమదియే. తల్లిపురుగు నువ్వుల ఆకులపై గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు ఆకులు తిని, బలిసి, మట్టిలో దూరి కోశస్థయగును. పిదప రెక్కలతో వెలువడి, రాత్రివేళ తేనెపట్టులలో చొరబడి, పొట్టి తొండముతో తేనె దొంగిలించును. ఆ తొండముగుండ గాలిని పీల్చి వదలుటచేతనే కీచుధ్వని పుట్టును. అందు మృత్యుసందేశమేమియు లేదు.

1847లో వెస్ట్‌వుడ్ పండితుడు దీనికి స్టిక్స్ అను పేరుంచెను. అది గ్రీకుల యమలోకపు నది. మన వైతరణి వంటిది. పుర్రెగుర్తు పండితులను కూడ కదలించినదన్నమాట! దీని జ్ఞాతి యొకటి ఆఫ్రికా, ఐరోపాల నడుమ వలసపోవును. 2022లో ప్రకటితమైన పరిశోధనలో శాస్త్రజ్ఞులు దాని వీపున అతిచిన్న రేడియో ప్రసారిణి నమర్చి, జర్మనీనుండి ఆల్ప్స్ పర్వతములవైపు దాదాపు 80 కిలోమీటర్లు చిన్న విమానములో వెంబడించిరి. ఎదురుగాలిలో సైతము అది దారి తప్పలేదు.

అయినను రైతునకు ఆకునష్టము నష్టమే. కొమ్ముపురుగులను చేతితో ఏరి చంపవలెను. వేసవిలో లోతుగా దున్నినచో మట్టిలోని కోశములు పైకివచ్చి పక్షులకు ఆహారమగును. పూతవేళ మందు చల్లినచో, పూలపై వాలు తేనెటీగలును చచ్చును.

ఇక ఇంటికి వచ్చినదందురా, దీపమార్పి తలుపు తెరచిన చాలును; తన దారిని అది పోవును. జాగ్రత్త చేనిలో వలయును గాని, భయము ఇంటిలో వలదు.