నాటకములలోని నాటు యంత్రములు



లెక్కలు వ్రాయుట నా వృత్తి. నేడు ఏ లెక్కలోను జమకట్టబడని వస్తువులను గూర్చి, అనగా నాటకములవారు స్వయముగా చేసికొన్న సాధనములను గూర్చి మనవి చేసెదను.

వీధిభాగవతములలో రాక్షసపాత్ర ప్రవేశించునపుడు దివిటీపై గుగ్గిలపుపొడి చల్లుదురు. మంట భగ్గుమనును, పిల్లలు తల్లుల కొంగులు పట్టుకొందురు. తెరవెనుక రేకుపలక నూపిన ఉరుము వచ్చును. తోలుబొమ్మలాటవారు చెక్కపలకలు త్రొక్కి యుద్ధధ్వని పుట్టింతురు.

1885లో కడపజిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో మొదలైన సురభివారు ఈ విద్యలో ఘనులు. వారి 'మాయాబజారు'లో లడ్డూలు పళ్ళెమునుండి యెగిరి ఘటోత్కచుని నోట పడును. అంతయు దారపు మహిమయే! దారము కనబడదా యందురేమో. దీపమెచ్చట నుంచవలెనో, దారమే రంగుది కావలెనో, ఏ క్షణమున లాగవలెనో, అదియే విద్య.

మన బీరువాలో భారతము పదునెనిమిది పర్వములును కలవు. దారము లాగెడు విధము మాత్రము అందే పుస్తకమునను లేదు. తండ్రి కొడుకునకు చేసి చూపినదే. చూపెడివాడు పోయిన పద్యము మిగులును, లడ్డు ఎగురదు. కావున కార్యవర్గమువారు వృద్ధనటులను పిలిపించి, వారు చెప్పినది వ్రాయించి, ఒక దస్త్రము గ్రంథాలయమున నుంచవలెనని నా కోరిక. వ్రాయుటకు నేను సిద్ధము. కాగితములు మాత్రము గ్రంథాలయమే యీయవలెను.