కరెంటు వచ్చాక వైఫై ఎందుకు స్లో అవుతుంది? రౌటర్‌లో ‘ఆటో’ ఛానల్ సంగతి

పెద్దమండ్యం నుంచి మాట్లాడుతున్నా. ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్ అని ఉంటుంది, ఫోన్‌లో వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వెంటనే చాలామంది ఇంకా పెద్ద ప్లాన్‌కి మారిపోతారు. ఆగండి. చాలాసార్లు ఇబ్బంది కేబుల్‌లో ఉండదు, గాలిలో ఉంటుంది. అక్కడ డబ్బు ఎంత పోసినా లాభం లేదు.

2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మన దేశంలో 13 ఛానళ్లు ఉన్నాయి. పక్కపక్క ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జే. ఒక రౌటర్‌కి మాత్రం కనీసం 20 మెగాహెర్ట్జ్ కావాలి. అందుకే ఒకదానికొకటి తగలకుండా ఉండేవి మూడే: 1, 6, 11.

మదనపల్లె టమాటా మార్కెట్ అనుకోండి. ఒకే వేలంలో పదిమంది ఉంటే ఒకరి తర్వాత ఒకరు పాడతారు. లేటవుతుంది గానీ పని జరుగుతుంది. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లూ అంతే, వంతులేసుకుంటాయి. అదే పక్క మండీ వేలం గోల మన వేలంలో పడితే? మాట అర్థం కాదు, ఉత్త గోలే. 6 పక్కన 8 పెట్టుకుంటే జరిగేది అదే.

మరి ‘ఆటో’ ఏం చేస్తుంది? రౌటర్ ఆన్ అవగానే ఒక్కో ఛానల్‌కి వెళ్లి కాసేపు వింటుంది. ఎన్ని నెట్‌వర్క్‌లు ఉన్నాయి, సిగ్నల్ ఎంత గట్టిగా ఉంది, ఎంత గోల ఉంది అని చూసి, ఖాళీగా ఉన్నది పట్టుకుంటుంది. తెలివైన పనే. కానీ ఇళ్లలో ఉండే చాలా రౌటర్లు ఈ పని ఆన్ అయినప్పుడే చేస్తాయి. తర్వాత అక్కడే కూర్చుంటాయి.

ఇప్పుడు కరెంటు పోయి వచ్చిందనుకోండి. వీధిలో రౌటర్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి వింటాయి. ఇంకా ఎవరూ మాట్లాడట్లేదు కదా, అన్నిటికీ అంతా ఖాళీగానే కనిపిస్తుంది. అలా నాలుగైదు వచ్చి ఒకే ఛానల్‌లో పడొచ్చు. ఇండ్లు దూరదూరంగా ఉండే పల్లెలో దీంతో పెద్ద నష్టం లేదు. మదనపల్లెలో గోడకి గోడ ఆనుకున్న రూముల్లో ఉండి ఆన్‌లైన్ పరీక్ష రాసేవాళ్లకి మాత్రం బాగా తగులుతుంది.

ఏం చేయాలి? కరెంటు వచ్చిన పది నిమిషాలకి మీ రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. అప్పటికి పక్కవాళ్లవి పనిలో ఉంటాయి, మీది సరిగ్గా విని ఎంచుకుంటుంది. లేదా ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూసి, 1, 6, 11లో ఖాళీగా ఉన్నది మీరే పెట్టండి. రౌటర్ దగ్గర కాదు, మీరు కూర్చుని చదివే చోట చూడండి. రౌటర్ తను ఉన్న చోటు నుంచే వింటుంది, మీ మూల గది సంగతి దానికి తెలీదు.

రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే అదే గదిలో అది వాడండి. అక్కడ చోటు ఎక్కువ, 2018లో మన ప్రభుత్వం ఇంకా పెంచింది. గోడలు దాటడంలో మాత్రం వీక్. కొన్ని ఛానళ్లలో రాడార్ ఉందేమో అని ముందు ఒక నిమిషం వినాలి. అందుకే ఆ పేరు కాస్త లేటుగా కనిపించొచ్చు. రిపేరని కంగారు పడకండి.

పెద్ద ప్లాన్ కట్టేముందు ఇవి చేసి చూడండి. మీ వీధిలో ఏ ఛానల్ నిండిపోయిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.